ఏడువమన్నారు, మాట్లాడొద్దన్నారు

మొన్న కరీంనగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో సంతాప సభకు వెళ్లాను. గుమ్మం దాటానో లేదో పెద్ద పెద్ద స్పీకర్లలోంచి పిల్లనగ్రోవి ఏడుపు చెవుల్లో పడింది. మనిషి వాయిస్తున్నది కాదు, ఎక్కడో రికార్డు చేసి పెట్టుకున్నది. మల్లెదండల వాసన, అగరొత్తుల పొగ, ఏసీ చల్లదనం, వాటన్నిటి మీద ఆ ఏడుపు. వేదిక మీద అద్దెకు తెచ్చిన యాంకర్ ఫోన్ చూసి చదువుతున్నాడు. పోయినాయన మా కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన కనకయ్య సారు. యాంకర్ ఆయన్ని "కనకరాజు గారు" అన్నాడు. మొదటి వరసలో కూర్చున్న సారు భార్య తల ఎత్తి "కనకయ్య" అంది మెల్లగా. పిల్లనగ్రోవి హోరులో ఆమె మాట వేదిక దాకా పోలేదు. యాంకర్ మళ్లీ కనకరాజు గారే అన్నాడు. తర్వాత ఒక్కో నాయకుడు లేచి, సారుతో తనకున్న అనుబంధం పేరుతో తన గొప్ప తాను చెప్పుకుని, చేతి గడియారం చూసుకుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. చచ్చిపోయిన మనిషి పేరు కూడా సరిగ్గా పలకని ఆ మాటలు వింటుంటే, పేరుతో తప్ప మాట మొదలుపెట్టని లచ్చవ్వ పెద్దవ్వ గుర్తుకొచ్చింది.

లచ్చవ్వ మా అవ్వకు, అంటే మా అమ్మకు, వరుసకు అక్క. అందుకే నాకు పెద్దవ్వ. కరీంనగర్ నుంచి కొండగట్టు పోయే తోవలో పెద్ద రోడ్డు దిగి లోపలికి పోతే గుట్టల నడుమ ఉంటుంది మా ఊరు. ఆమె ఇల్లు మా ఇంటికి ఎదురుగానే. బీడీలు చుట్టి బతికేది. పడుచుతనంలోనే మొగుడు పోయాడు, పిల్లలు లేరు. మనిషి పొట్టి. మామూలుగా మాట్లాడితే గొంతు కూడా పెద్దదేమీ కాదు. కానీ ఊళ్లో ఎవరు పోయినా ముందు కబురు వెళ్లేది ఆమెకే. మా వైపు చావింట్లో ఆడవాళ్లు ఊరికే ఏడవరు. రాగం తీసి, మాటలు కట్టి, పోయినవాళ్లతో మాట్లాడుతూ ఏడుస్తారు. శోకం పెట్టడం అంటాం. చాలామంది తమ దుఃఖమే చెప్పుకుంటారు, నన్నిడిచి పోతివా అని. పెద్దవ్వ అలా కాదు. పోయిన మనిషి ఎవరి బిడ్డ, ఏ ఊరి నుంచి వచ్చింది, ఎట్లా బతికింది, ఎవరికి పెట్టింది, ఎవరి చేత మాట పడింది, అన్నీ వరసగా చెప్పేది. ఏ మాటకు రాగం తీయాలో, ఏ మాటను రాగం లేకుండా ఉత్తగా అనాలో ఆమెకు తెలుసు. రాగం ఆపి మాట అన్నప్పుడు వాకిట్లో ఉన్న మగవాళ్లు సర్దుకుని కూర్చునేవాళ్లు, ఎందుకంటే ఆ మాట ఎవరికో తగలబోతోందని వాళ్లకు అర్థమయ్యేది.

నేను ఏడో తరగతిలో ఉండగా మా వాడకట్టులో గంగవ్వ అని ఒక ముసలామె చనిపోయింది. కొడుకు బొంబాయి నుంచి వచ్చి బ్యాండు మేళం పెట్టించాడు, పటాకులు తెప్పించాడు. ఊరంతా నోరు తెరుచుకుని చూస్తోంది. పెద్దవ్వ శవం కాళ్ల దగ్గర కూర్చుని గంగవ్వ పుట్టింటి దగ్గర మొదలుపెట్టింది. నాట్లేసిన పొలాలు, పెంచిన బర్రెలు, అందరి కాన్పులకూ పరిగెత్తిన సంగతులు చెప్పి చెప్పి, ఒక్కసారి రాగం ఆపింది. కొడుకు మొహంలోకి చూసింది.

"మీ అవ్వకు జరమొస్తె గోలి తెచ్చిచ్చెటోడు లేకుండె బిడ్డా. ఇయ్యాల బ్యాండు తెచ్చినవు. గా సప్పుడు ఆమెకు ఇనబడ్తదా?"

బ్యాండు వాళ్లు వాళ్లంతట వాళ్లే ఆపేశారు. కొడుకు తల దించుకున్నాడు. అక్కడితో వదిలేస్తే పెద్దవ్వను నోటి దురుసు మనిషి అనేవాళ్లేమో. వదల్లేదు. "అయినా అవ్వా, ఒకపారి నీకు పాము కరిస్తె నిన్ను ఎత్తుకొని దవాఖానకు ఉరికింది గీ కొడుకే. గది నేను మరువలే, నువ్వు మరువకు" అంది శవంతో. అప్పుడు ఏడ్చాడు ఆ కొడుకు, బ్యాండు లేకుండా, పటాకులు లేకుండా. పెద్దవ్వ మాట కోసేది, కానీ మనిషి చేసిన మంచిని దాచి మరీ కోసేది కాదు. ఇవాళ వేదికల మీద ఊగిపోయే మహావక్తల్లో ఆ న్యాయం ఎంతమందికి ఉంది?

ఇంటర్‌లో నన్ను ఉపన్యాస పోటీకి ఎంపిక చేశారు. తెలుగు సారు రాసిచ్చిన మాటలు బట్టీ పట్టి పెద్దవ్వ అరుగు మీద నిలబడి అప్పజెప్పాను. ఆమె చాటలో బీడీలు చుట్టే తునికాకు సర్దుతూ వింది. నేను చేయి గాలిలోకి విసిరి "సభకు నమస్కారం" అనగానే నవ్వింది.

"సబ అంటె ఎవలే?"

"అంటే అందరూ పెద్దవ్వా."

"అందరంటె నాకు ఎవలూ కండ్లపడ్తలేరు. గా ముందుగాల కూసున్న ఒక్కల మొకం జూడు. వాళ్లకు చెప్పు. వాళ్లకు సమజైతె ఎనకోళ్లకు అదే పోతది. ఇంకోటి బిడ్డా, నీకు తెల్వని మాట నోట్లె పెట్టుకోకు. గిప్పుడు ఏదో అన్నవు గద, జా... ఏంది?"

"జాజ్వల్యమానం."

"అంటె ఏంది?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. "మరి తీసెయ్" అంది. తీసేశాను. పోటీలో నాకు బహుమతి రాలేదు, జాజ్వల్యమానం అన్నవాడికే వచ్చింది. నేను ఉడికిపోతూ వచ్చి చెబితే, "సూసినోళ్లు ఎవలన్న కండ్లల్ల కండ్లు పెట్టి ఇన్నరా?" అని అడిగింది. ఒకామె విన్నదన్నాను, కాలేజీ ఊడ్చే ఆమె. "గట్లయితె నువ్వే గెలిచినవు, ఫికర్ చెయ్యకు" అంది.

మా గుట్టల మీద గ్రానైట్ క్వారీ వచ్చాక ఊరు మారింది. పొద్దస్తమానం దుమ్ము, పేలుళ్లు, ఇళ్ల గోడలకు పగుళ్లు. మా వాడకట్టు మగవాళ్లలో సగం మందికి అక్కడే పని. మా పక్కింటి ఓదెలు క్రేన్ కింద బండలకు తాళ్లు కట్టే పని చేసేవాడు. నెమ్మదస్తుడు. అతని భార్య స్వరూప నాకంటే కొంచెం పెద్దది. నేను డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు ఒక పొద్దున క్రేన్ ఇనుప తాడు తెగి బండ అతని మీద పడింది. శవాన్ని ఇంటికి తెచ్చేలోపే ఊళ్లో ఒక మాట తిరగడం మొదలైంది, ఓదెలు తాగి పనికి వచ్చాడని. ఎవరు పుట్టించారో అందరికీ తెలుసు. క్వారీ సూపర్‌వైజర్, అతని వెంట మా మాజీ సర్పంచ్ వాకిట్లోకి వచ్చి, ఎండ ముదరకముందే కానిచ్చేద్దామని తొందర పెడుతున్నారు. స్వరూప కళ్లు తేలేసి గోడకు ఆనుకుని ఉంది.

పెద్దవ్వ వచ్చింది. శవం తల దగ్గర కూర్చుని ఓదెలు చెంప నిమిరింది.

"ఓదెలూ, మల్లయ్య కొడుకా, నీ అవ్వ కడుపుల ఉన్నప్పటి సంది నువ్వు నాకు ఎరుకనే కొడుకా" అని రాగం తీసింది. అతని బాల్యం చెప్పింది. పెళ్లి చెప్పింది. క్వారీలో చేరిన రోజు చెప్పింది. తర్వాత రాగం ఆపింది. "పొద్దుగాల మా ఇంట్ల చాయ్ తాగి పోయినవు. తాగింది గదే. నా చేతి చాయ్. తాగిండు తాగిండు అని ఊరు తిప్పుతున్నోళ్లు, గా చాయ్ సంగతి చెప్తున్నరా కొడుకా? మొన్న ఐతారం నా అరుగు మీద కూసోని ఏమన్నవు? పెద్దవ్వా, తాడు పోగులు పోగులు లేస్తుంది, మార్చుమని చెప్పిన, ఇంటలేరు అన్నవు. ఎవలకు చెప్పినవు? గీ సూపర్‌వైజర్ సారుకే చెప్పిన అన్నవు. సారు ఈడనే ఉన్నడు. సారూ, పిలగాడు చెప్పిండా లేదా?"

వాకిలి మొత్తం ఆ మనిషి వైపు తిరిగింది. ఆయన సెల్‌ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాడు. "ఫోన్ల ఎవలూ లేరు సారూ. సచ్చినోని ముంగట నిలబడ్డవు. అవ్ అను, కాదను" అంది పెద్దవ్వ. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. జనంలోంచి ఓదెలు తోటి పనివాడొకడు, "చెప్పిండు. నేను పక్కనే ఉన్న" అన్నాడు. తర్వాత ఇంకొకడు. అప్పటిదాకా ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచారు. యజమాని వచ్చేదాకా శవం లేవదన్నారు. మధ్యాహ్నానికి యజమాని తెల్ల కారులో దిగాడు. ఓదెలు తాగలేదని, తాడు మార్చకపోవడం తమ తప్పేనని అందరి ముందు చెప్పాకే పాడె లేచింది. స్వరూపకు రావలసిన పరిహారం వచ్చింది. ఒక మనిషి మాట అంత పని చేయగలదని నేను పుస్తకాల్లో చదవలేదు, మా వాకిట్లో చూశాను.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు రక్తం ఉడుకుతుంది. నెల తిరగకముందే మా కుల సంఘం భవనం ముందు పంచాయితీ పెట్టారు. నేరం చేసినవాడి మీద కాదు, పెద్దవ్వ మీద. కుర్చీల్లో మగవాళ్లు. ఆమె కింద, గచ్చు మీద. మేం ఆడవాళ్లం దూరంగా గోడ వెంట నిలబడ్డాం. మాజీ సర్పంచే మాట్లాడాడు, ఎంతో దయగా.

"లచ్చవ్వా, నిన్ను ఏడ్వొద్దని ఎవలూ అంటలేరు. శోకం పెట్టు. మాట్లాడకు. మాట్లాడెటందుకు మేమున్నం."

"మీరున్నరని నాకెరుకనే. ఓదెలు సచ్చిననాడు సుత ఉన్నరు గద. ఒక్కలన్న నోరిప్పిండ్రా?"

"గిదే వద్దంటున్నం. చావింట్ల పంచాయితి పెట్టుడు ఆడిదాని పని కాదు."

"పటేలా, జర నాకు సమజయ్యేటట్టు చెప్పు" అంది పెద్దవ్వ. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. గొంతు మాత్రం వణకలేదు. "గిప్పుడు నేను మాట్లాడుతున్ననా, ఏడుస్తున్ననా? నాకైతె తేడ తెలుస్తలేదు."

దానికి వాళ్లు తీర్పు చెప్పారు. ఎవరింట్లో చావు జరిగినా లచ్చవ్వను పిలవకూడదు. పిలిచిన ఇంటి పాడె మోయడానికి సంఘం నుంచి ఎవరూ రారు. చచ్చినవాళ్లను అడ్డం పెట్టుకుని బతికున్నవాళ్ల నోరు నొక్కడం అంటే ఇదే. పాడె మోసే నాలుగు భుజాలు లేకుండా ఏ ఇల్లు మాత్రం ధైర్యం చేస్తుంది? ఆ తర్వాత ఊళ్లో ఎన్నో చావులు జరిగాయి. డప్పు చప్పుడు వినబడినప్పుడల్లా పెద్దవ్వ బీడీల చాట పక్కన పెట్టేది. ఎవరు పోయారో కనుక్కునేది. కదలకుండా కూర్చునేది. పెదవులు మాత్రం కదిలేవి.

నేను తెలుగు లెక్చరర్‌నయ్యాక నా విద్యార్థిని ఒకామె మెడిసిన్ చదవడానికి కజకిస్తాన్ వెళ్లింది. ఒకసారి ఫోన్ చేసి ఉత్సాహంగా చెప్పింది. "మేడం, ఈడ పాతకాలంల మాటకారులనే పెద్ద పెద్ద తగాదలు తెంపుమని పిలిచేటోళ్లంట. శెషెన్ అంటరంట వాళ్లను. ఇంక చావింట్ల ఆడోళ్లు మన లెక్కనే మాటలు కట్టి ఏడుస్తరంట. వాళ్ల మాటకారుల పేర్లు బడి పిల్లలకు సుత తెలుసు మేడం." విని సంతోషించాను. మరుక్షణమే మళ్లీ మండింది. ఎక్కడో గడ్డి మైదానాల్లో గుర్రాల మీద తిరిగిన జాతి తన మాటకారుల పేర్లు పిల్లలకు నేర్పుకుంటోంది. మేమేమో మా మాటకారిని గచ్చు మీద కూర్చోబెట్టి నోరు మూసుకొమ్మన్నాం.

ఆ తీర్పును ఎవరూ ఎత్తేయలేదు. దాన్ని విరగ్గొట్టింది స్వరూప. ఆమె అత్త, అంటే ఓదెలు తల్లి, పోయినప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను. స్వరూప నేరుగా పెద్దవ్వ అరుగు దగ్గరికి వచ్చి చేయి పట్టుకుంది.

"పెద్దవ్వా, లెవ్వు."

"వద్దు బిడ్డా. పరేషాన్ అయితవు. పాడె మోసెటందుకు ఎవలూ రారు."

"నేను మోస్త. మా ఆడిబిడ్డ మోస్తది. నువ్వొచ్చి మా అత్త సంగతి చెప్పు. చెప్పెటోళ్లు లేకుండ ఆమెను ఉత్తగ పంపుడు నాతోని కాదు."

పెద్దవ్వ వెళ్లింది. ఇన్నేళ్ల మూగతనం తర్వాత మొదటి మాట బొంగురుగా వచ్చింది, రెండో మాటకు తేరుకుంది. అన్నట్టే మగవాళ్లు రాలేదు. స్వరూప, ఆమె ఆడబిడ్డ, మా అవ్వ, నేను పాడె ఎత్తాం. పెద్దవ్వ ముందు నడిచింది. సంఘం భవనం ముందు నుంచి పోతుంటే వరండాలో కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరు లేచి నిలబడ్డారు. ఇద్దరు కుర్రవాళ్లు పరిగెత్తుకొచ్చి భుజం మార్చుకోబోతే స్వరూప, "ఇన్నొద్దులు యాడికి పోయిండ్రు? ఎనుక నడువుండ్రి" అంది. వాళ్లు వెనకే నడిచారు.

మరి కొన్నేళ్లకు జిల్లా కేంద్రంలో జానపద కళల ఉత్సవం పెట్టారు. నిర్వాహకులు పెద్దవ్వను శోకం "ప్రదర్శించమని" పిలిచారు. పట్టుచీర కట్టించారు, మొహానికి పౌడర్ రాశారు. నేను తోడు వెళ్లాను. వేదిక వెనక ఒక నిర్వాహకుడు వచ్చి, తొందరగా ముగించాలి, కన్నీళ్లు బాగా రావాలి అన్నాడు.

"ఎవలు సచ్చిండ్రు కొడుకా?" అని అడిగింది.

"ఎవరూ చావలేదమ్మా. ఊరికే."

"ఊరికెనే ఎట్ల ఏడుస్తరు?"

ఆయన నవ్వేసి వెళ్లిపోయాడు. పెద్దవ్వ వేదిక ఎక్కింది. ముందు వరసలో ముఖ్య అతిథిగా, మెడలో పూలదండతో కూర్చున్నది మా క్వారీ యజమాని. ఇప్పుడాయన పెద్ద నాయకుడు. ఆమె ఆయన్ని చూసింది. "ఓదెలూ, మల్లయ్య కొడుకా" అని మొదలుపెట్టింది. క్వారీ అనేంతవరకే మైకు పనిచేసింది. ఆ తర్వాత ఎవరో కట్టేశారు. కనబడని చేత్తో ఒక మనిషి గొంతు కోసేయడం అంత తేలిక! ఆమె అరవలేదు. మెట్లు దిగి వచ్చి ఆయన కుర్చీ ముందు నిలబడి, అరుగు మీద మాట్లాడుకున్నట్టు మామూలు గొంతుతో చెప్పింది. తాడు సంగతి, చాయ్ సంగతి, పంచాయితీ సంగతి. వెనక ఉన్నవాళ్లకు వినబడక, "ఏమంటుంది? ఏమంటుంది?" అని ముందువాళ్లను అడిగారు. ముందు వరస వెనక్కి తిరిగి చెప్పింది. ఆ వరస దాని వెనక వరసకు చెప్పింది. అలా ఓదెలు పేరు నోటినుంచి నోటికి హాలు చివరిదాకా పోయింది. యజమాని లేచి వెళ్లిపోయాడు. మర్నాడు పేపర్లో, వేదిక ఎక్కగానే పెద్దవ్వకు శాలువా కప్పినప్పటి ఫొటో వేశారు, కింద "కంటతడి పెట్టించిన జానపద కళాకారిణి" అని రాశారు. ఏమన్నదో ఒక్క ముక్క రాయలేదు. నేను చదివి వినిపిస్తే పెద్దవ్వ, "మంచిగనే రాసిండ్రు. మాట తప్ప అన్ని రాసిండ్రు" అంది.

పోయినేడు వానాకాలంలో పెద్దవ్వ పోయింది. నేను చేరేసరికి ఆమెను అద్దాల ఫ్రీజర్ పెట్టెలో పెట్టారు. పెట్టెతోపాటు స్పీకర్ కూడా అద్దెకు వస్తుందట, అందులోంచి ఎవరో సినిమా గొంతుతో బతుకు బుడగ అని పాడుతున్నారు. చుట్టూ ఆడవాళ్లు నోరు మూసుకుని కూర్చున్నారు, ఆ హోరులో ఎవరి మాట ఎవరికి వినబడుతుంది? ముసలివాడైపోయిన మాజీ సర్పంచ్ కుర్చీలో ఉన్నాడు. స్వరూప లేచి వైరు పీకేసింది. అంతా నిశ్శబ్దమయ్యాక నా వైపు చూసి, "చెప్పు" అంది. నేను లేచి "మహోన్నత వ్యక్తిత్వం గల..." అన్నాను. స్వరూప నా చెంగు లాగింది. "మాకు కాదు. అవ్వకు చెప్పు."

అద్దం మీద చేయి పెట్టాను. చల్లగా ఉంది. "లచ్చవ్వా, రాజయ్య బిడ్డా" అన్నాను, అంతే, మిగతాది దానంతటదే వచ్చింది. పుట్టిల్లు, మొగుడు, బీడీలు, గంగవ్వ, ఓదెలు, గచ్చు మీద కూర్చోబెట్టిన రోజు, అన్నీ చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. ఆఖరున గొంతు ఆపి కుర్చీ వైపు తిరిగాను.

"మామా, గీమెను మాట్లాడొద్దన్నది నువ్వే. ఇగో, ఇప్పుడు మాట్లాడుతలేదు. సంబురమేనా?"

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. చెమటో కన్నీరో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. కానీ పెద్దవ్వ అయితే అక్కడ ఆగేది కాదు. అందుకని ఇష్టం లేకపోయినా ఇంకో మాట అన్నాను. ఆమె చివరి రోజుల్లో దవాఖానకు తీసుకెళ్లడానికి బండి పంపింది ఆయనే. అది కూడా నిజమే. అది అనడానికి నాకు చాలా కష్టమైంది.

నా కోపం తగ్గలేదు. తగ్గించుకునే ప్రయత్నం కూడా చేయడం లేదు. దాన్ని పట్టుకుని నిలబడి, నిజం తప్పకుండా మాట్లాడటం ఎలాగో పెద్దవ్వ దగ్గర కొంత నేర్చుకున్నాను, ఇంకా నేర్చుకోవలసింది ఉంది. ఊళ్లో ఎవరైనా పోతే ఇప్పుడు స్వరూప నాకు ఫోన్ చేస్తుంది. కాలేజీకి సెలవు పెట్టి బస్సెక్కుతాను. దారంతా ఆ మనిషి ఎవరి బిడ్డ, ఏ ఊరి నుంచి వచ్చింది, ఎవరికి పెట్టింది, ఎవరి చేత మాట పడింది అని ఫోన్లో ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకుంటూ పోతాను.